గబ్బిలం ఎవరికి చుట్టం? ఎలుకకా, ఎలుగుబంటికా?

పాతబస్తీ పిల్లలకి బహదూర్‌పురా జూ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మీరాలం చెరువు పక్కన 1963 అక్టోబరు 6న తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల అది. మిగతా ఊళ్ల వాళ్లు కూడా బడి తరఫున బస్సు కట్టించుకుని వచ్చి ఒకసారైనా చూసే ఉంటారు. లోపలికి వెళ్లగానే అందరూ ముందు పులి దగ్గరికి పరుగెత్తుతారు, తరువాత ఏనుగు దగ్గరికి. ఈసారి మీరు మటుకు తిన్నగా ఎలుగుబంటి దగ్గరికి వెళ్లండి. ఎండగా ఉంటే అది ఏ నీడనో కాళ్లు బారజాపుకుని పడుకుని ఉంటుంది. ఒళ్లంతా నల్లటి జూలు, బూడిదరంగు మూతి, రొమ్ము మీద తెల్లగా ఇంగ్లీషు 'వి' అక్షరం లాంటి మచ్చ. పెద్ద మగది అయితే నూరు కిలోలు దాటి తూగుతుంది.

దాన్ని తనివితీరా చూసి, అక్కణ్ణించి నిశాచర జంతువుల శాలకి నడవండి. లోపల పగటిని రాత్రిగా మార్చి ఉంచుతారు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కొంచెంసేపు పడుతుంది. పడ్డాక, పళ్లు తినే గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తాయి. జూకి వెళ్లే వీలు లేకపోతే గోలకొండ కోటకి వెళ్లండి. అక్కడి చీకటి గదుల్లో గబ్బిలాలు కనిపించేలోపే వాటి వాసన మీకు స్వాగతం చెబుతుంది!

ఇప్పుడు ఒక ప్రశ్న. ఎలుక, ఎలుగుబంటి, మనిషి - ఈ ముగ్గురిలో గబ్బిలానికి దగ్గర చుట్టం ఎవరు? తొందరపడకండి. జవాబు ఒక కాయితం మీద రాసి పక్కన పెట్టుకోండి. చివరిదాకా చదివి దిద్దుకుందురుగాని.

మీలో చాలామంది 'ఎలుక' అనే రాసి ఉంటారు. అందులో మీ తప్పేమీ లేదు. చిన్న ఒళ్లు, మెత్తటి బొచ్చు, కొసదేలిన మూతి చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. జర్మను భాషలో గబ్బిలం పేరుకి అర్థమే 'రెక్కలాడించే ఎలుక'! అయినా, చూపులకి ఒకలా ఉన్నంత మాత్రాన చుట్టాలైపోతారా? మీ తరగతిలో మీలాగే ఉండే కుర్రాడు ఇంకొకడు ఉంటాడు. వాడు మీ తమ్ముడు కాదుగదా!

ఈ చిక్కు మీకొక్కరికే రాలేదు. మహా మహా శాస్త్రజ్ఞులకే వచ్చింది.

జంతువుల్ని వర్గాలుగా విడదీయడమంటే పెద్ద బీరువాలో బట్టలు సర్దటం లాంటిదే. చొక్కాలు ఒక అరలో, దుప్పట్లు ఒక అరలో. పిల్లలకి పాలిచ్చి పెంచే జంతువులన్నిటినీ 'క్షీరదాలు' అనే ఒకే వర్గంలో పెట్టినవాడు స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్. 1758లో వచ్చిన తన గ్రంథంలో ఆయన గబ్బిలాన్ని ఏ అరలో పెట్టాడో తెలుసా? మనుషులూ, కోతులూ ఉన్న అరలో! ఎందుకంటే గబ్బిలానికి రొమ్ము మీద రెండే చన్నులుంటాయి, మనకి లాగే. ఆ పోలిక ఆయనకి గట్టిగా తోచింది.

మన ఎలుగుబంటి సంగతి ఇంకా తమాషా. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామం పెడుతూ, 'ఎలుగుబంటి లాంటి స్లాత్' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. స్లాత్ అంటే దక్షిణ అమెరికా అడవుల్లో చెట్టుకొమ్మలకి వేలాడుతూ, గడియకి ఒక అడుగు వేసే మహా బద్ధకపు జంతువు. దానికీ మన ఎలుగుకీ ఎక్కడ పొత్తు? పొడుగాటి గోళ్లూ, ముందుపళ్లు లేకపోవటమూ చూసి షా పొరబడ్డాడు. మెడలో ఎముకలు లెక్కపెడితే దొంగ దొరికిపోయేవాడు. మన ఎలుగుకి, దాదాపు అన్ని క్షీరదాలకి లాగే, మెడలో ఏడు ఎముకలు. మూడు వేళ్ల స్లాత్‌కి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. పొరపాటు 19వ శతాబ్దం మొదట్లోనే బయటపడింది గాని, పేరులోని తోక మాత్రం ఊడలేదు. ఇంగ్లీషులో మన ఎలుగుని నేటికీ 'స్లాత్ బేర్' అనే పిలుస్తున్నారు.

ఆ ముందుపళ్ల కథేమిటో కూడా చూద్దాం. మన ఎలుగుకి పై దవడలో నడిమి రెండు పళ్లు ఉండవు. అంచేత తక్కిన ఎలుగులకి 42 పళ్లుంటే దీనికి 40. పళ్లు రాలి సందు పడిందనుకునేరు! అది సందు కాదు, గొట్టం. మన ఎలుగుకి ఇష్టమైన తిండి చెదలు. పొడుగాటి గోళ్లతో చెదపుట్టని బద్దలు కొడుతుంది. ముందు 'ఫూ' అని మట్టిని ఊదేస్తుంది. ఆ తరువాత ముక్కురంధ్రాలు మూసుకుని, పెదాలు సున్నాలా చుట్టి, పళ్లసందులోంచి చెదపురుగుల్ని సర్రున లోపలికి పీల్చేస్తుంది. ఆ చప్పుడు నూరు మీటర్ల దూరానికి వినిపిస్తుంది. ముక్కు ఎందుకు మూసుకోవాలో మీరే ఊహించండి. మూసుకోకపోతే పురుగులు నోట్లోకి బదులు ఎక్కడికి పోతాయి?

ఇహ చేతుల సంగతి. తెల్లకాయితం మీద అరచెయ్యి ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. బొటనవేలుతో కలిపి అయిదు వేళ్లు. ఎలుగుబంటి ముందుపాదంలోనూ అయిదు వేళ్లే. మనలాగే అది అరిపాదం మొత్తం నేలకి ఆనించి నడుస్తుంది. అందుకే అడవిలో దాని వెనక పాదం జాడ చూసి మనిషి జాడ అని భ్రమపడేవాళ్లున్నారు.

మరి గబ్బిలం? అక్కడే ఉంది అసలు చిత్రం. దాని రెక్క పక్షి రెక్క కాదు, చెయ్యి. భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, అక్కణ్ణించి మణికట్టు దాకా ముంజెయ్యి, ఆ తరువాత అయిదు వేళ్లు. ఎలుగుకి ఉన్నవి ఉన్నట్టుగా దీనికీ ఉన్నాయి. కాకపోతే నాలుగు వేళ్లు గొడుగు పుల్లల్లాగ సాగిపోయాయి. వాటి మధ్య పల్చటి చర్మం గొడుగు గుడ్డలా పరుచుకుంది. మీ వేళ్లు అదే లెక్కన సాగితే, నడిమి వేలు మీ ఒంటి పొడవుతో పోటీ పడుతుంది! బొటనవేలు ఒక్కటీ చిన్నదిగా మిగిలి, గోటితో సహా రెక్క అంచున కొక్కెంలా బయటికి పొడుచుకుని ఉంటుంది. కొమ్మలు పట్టుకు పాకేందుకు అదే ఆధారం. శాస్త్రజ్ఞులు గబ్బిలాల వర్గానికి 'కైరోప్టెరా' అని పేరు పెట్టారు. గ్రీకులో 'చెయ్యి', 'రెక్క' అనే రెండు మాటలు కలిసి ఆ పేరయింది.

ఒకే ఎముకల మూస. ఒకటి దాంతో రాయిలా గట్టిపడ్డ పుట్టని పగలగొడుతుంది. ఇంకొకటి దాంతో గాలిలో ఈదుతుంది. మీరు అదే మూసతో పెన్సిలు పట్టుకున్నారు.

అయితే ఎముకల పోలిక చూసి క్షీరదాలన్నీ ఒక్క కుటుంబమని చెప్పగలంగాని, అందులో ఎవరు ఎవరికి ఎంత దగ్గరో తేల్చటం కష్టం. లిన్నేయస్ పొరబడింది అక్కడే. ఆ పని గత కొద్ది దశాబ్దాల్లో డీఎన్‌ఏ చదవటం వచ్చాకనే సాధ్యమైంది. ప్రతి ప్రాణి కణాల్లోనూ ఉండే ఈ పొడుగాటి దారం మీద తాతముత్తాతల చరిత్ర రాసిపెట్టి ఉంటుంది. మన హైదరాబాదు సీసీఎంబీ వారికి అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. జూకి అట్టే దూరం లేదు. ఒక ముక్క చర్మమో, నాలుగు వెంట్రుకలో ఇస్తే అది ఏ జంతువుదో అక్కడివారు డీఎన్‌ఏ చదివి చెబుతారు. వేటగాళ్లని పట్టుకోవటానికి అటవీశాఖ వారికి ఇది ఎంతో అక్కరకొస్తోంది.

డీఎన్‌ఏ దారాల్ని పక్కపక్కన పెట్టి పోల్చిచూసిన శాస్త్రజ్ఞులకి తేలిందేమిటి? ఎలుగుబంట్లు, పులులు, కుక్కలు, గుర్రాలు, ఆవులు, తిమింగిలాలు, వాటితోపాటు గబ్బిలాలు - ఇవన్నీ ఒక పెద్ద కొమ్మ. ఎలుకలు, కుందేళ్లు, కోతులు, మనుషులు ఇంకొక కొమ్మ. ఈ రెండు కొమ్మలూ విడిపోయి సుమారు తొమ్మిది కోట్ల ఏళ్లయింది. గబ్బిలాల వంశమూ ఎలుగుల వంశమూ వేరుపడింది ఆ తరువాత.

కాయితం తీసి చూసుకోండి. గబ్బిలానికి దగ్గర చుట్టం ఎలుగుబంటి! ఎలుక ఎవరికి దగ్గర చుట్టమంటారా? మనకి. నొచ్చుకోకండి, డీఎన్‌ఏకి మొహమాటం లేదు.

సరే, చుట్టరికం తేలింది. కాని అది కోట్ల ఏళ్ల నాటి సంగతి. ఈ మధ్యకాలంలో రెండూ ఎంత దూరం వచ్చేశాయో చూడండి. మన ఇళ్ల చూరుల్లో దూరే చిన్న గబ్బిలం బరువు నాలుగైదు గ్రాములు. నూట ఇరవై కిలోల ఎలుగుని తక్కెడలో ఒకవైపు పెడితే, రెండోవైపు అలాంటి గబ్బిలాలు ఇరవై నాలుగు వేలకి తక్కువ కాకుండా కావాలి. ప్రపంచంలో ఎలుగుల జాతులు 8. గబ్బిలాల జాతులు 1,400కి పైచిలుకు. ఎలుగు వాసన పట్టుకుని పోతుంది. చిన్న గబ్బిలం మన చెవికి అందని కీచుకేకలు పెట్టి, ఆ ప్రతిధ్వని విని దోమ ఎక్కడుందో కనిపెడుతుంది. (పళ్లు తినే పెద్ద గబ్బిలానికి ఆ విద్య రాదు. అది పెద్ద పెద్ద కళ్లతో చూసి ఎగురుతుంది. 'గబ్బిలానికి కళ్లు కనబడవు' అన్నది ఉత్తమాట.)

ఇన్ని తేడాల మధ్య, ఒక్క విషయంలో మాత్రం రెండూ ఒక్కలాగే బతుకుతాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అదే.

ఎలుకని చూడండి. మూడు వారాలు మోసి ఒక్క కాన్పులో అరడజనుకి పైగా పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో తల్లులవుతాయి. ఎలుకంత ఉన్న గబ్బిలమూ అలాగే కంటుందనుకుంటాం. కాని పళ్లు తినే మన పెద్ద గబ్బిలం అయిదు నెలలు మోసి, ఏడాదికి ఒకే ఒక్క పిల్లని కంటుంది. మొదటి కొన్ని వారాలు దాన్ని పొట్టకి కరిపించుకునే ఎగురుతుంది. ఎలుగు తల్లి ఒకటో రెండో పిల్లల్ని కని, గుహలోంచి బయటికొచ్చాక వాటిని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ప్రపంచంలో తక్కిన ఏ ఎలుగూ ఇలా మామూలుగా పిల్లల్ని మొయ్యదు. మన ఎలుగు వీపు మీద జూలు అంత పొడుగ్గా ఉన్నది పిల్లలు పట్టుకోవటానికి బాగా పనికొస్తుంది. ఆ పిల్లలు రెండేళ్ల దాకా తల్లి వెంటే ఉంటాయి. అవి విడిచిపోయాక గాని తల్లి మళ్లీ ఈనదు.

పుట్టుకలో మాత్రం చిన్న తిరకాసు ఉంది. పుట్టిన ఎలుగు పిల్ల అర కిలో లోపే. తల్లి బరువులో నూరో వంతైనా కాదు, కళ్లు కూడా తెరవదు. పురుగులు తినే చిన్న గబ్బిలాల్లోనైతే పుట్టిన పిల్ల తల్లి బరువులో నాలుగో వంతు దాకా ఉంటుంది! అంత బరువుని కడుపులో మోస్తూ రాత్రంతా దోమల వెంట ఎగరటం ఎంత కష్టమో ఆలోచించండి. ఒక్క పిల్లతో సరిపెట్టుకోవటంలో ఆశ్చర్యమేముంది?

కొద్దిమందిని కనేవి ఎక్కువ కాలం బతకాలి. లేకపోతే వంశం నిలవదు. పెంపకంలో ఎలుగు నలభై ఏళ్ల దాకా బతకగలదు. మరి గబ్బిలం? సైబీరియాలో పరిశోధకులు ఒక చిన్న గబ్బిలానికి గుర్తు కట్టి వదిలితే, అది 41 ఏళ్ల తరువాత మళ్లీ దొరికింది. దాని బరువు ఏడు గ్రాములు. అంత ఒళ్లున్న చుంచెలుక రెండు మూడేళ్లు బతికితే గొప్ప.

ఇక్కడో లెక్క చేద్దాం. ఒక తల్లి ఎలుగు పదేళ్లలో ఎన్నిసార్లు ఈనగలదు? మహా అయితే నాలుగైదు సార్లు. ఒక పెద్ద గబ్బిలం పదేళ్లలో ఎందరిని కంటుంది? పదిమందికి మించి కాదు. వాటిలో కొన్ని ఎలాగూ పిల్లతనంలోనే పోతాయి. అంచేత ఏటా చచ్చేవి నాలుగు పెరిగినా సరే, గుంపు తరిగిపోతుంది. ఎలుకల్లాగ చూస్తూండగా మళ్లీ నిండిపోదు.

మీ తాతయ్యల్ని అడగండి, చిన్నప్పుడు వీధిలోకి ఎలుగుబంటిని ఆడించేవాడు వచ్చేవాడా అని. ముక్కుకి తాడు, మనిషి చేతిలో డమరుకం. జడుసుకున్న పిల్లల్ని ఆ ఎలుగు వీపు మీద కూచోబెట్టేవారు. దాని వెంట్రుకలు తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవారు. నలుగురూ నవ్వుకుంటూ చూసిన ఆ ఆట వెనక ఏముండేదో ఆనాడు చాలామందికి తెలియదు. పెద్ద ఎలుగు మాట వినదు, అంచేత పిల్లనే పట్టాలి. పిల్ల తల్లి వీపు దిగదు, అంచేత తల్లిని చంపాలి. పట్టిన పిల్లకి ఎర్రగా కాల్చిన ఇనపసూదితో మూతి పొడిచి తాడు వేసేవారు. పళ్లు ఊడగొట్టేవారు. పట్టిన పిల్లల్లో చాలా భాగం ఆట నేర్వకముందే చచ్చిపోయేవి. వీధిలో ఒక ఎలుగు ఆడిందంటే అడవిలో ఎన్ని పోయినట్టో మీరే లెక్క కట్టండి. 1998లో కేంద్రప్రభుత్వం ఎలుగుల్ని ఆటలకి వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఎలుగుల్ని విడిపించి, ఆడించే కలందరు కుటుంబాలకి వేరే బతుకుతెరువు చూపించే పనీ సాగింది. 2009 ఆఖరుకి మన దేశంలో ఈ ఆట దాదాపు అంతరించింది.

గబ్బిలం సంగతి చూడండి. గుర్రం జాషువా తన కావ్యంలో కాశీకి రాయబారిగా పంపింది గబ్బిలాన్నే. చట్టం మాత్రం దాన్ని అంతగా గౌరవించలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుకి రక్షణ దొరికింది. పళ్లు తినే గబ్బిలాన్ని మాత్రం 'హాని చేసే జంతువులు' అనే జాబితాలో పెట్టారు. ఆ జాబితాలో దానికి తోడెవరనుకున్నారు? కాకి, చుంచు, ఎలుక. లిన్నేయస్ తప్పు అరలో పెట్టిన రెండు వందల ఏళ్ల తరువాత ఇది ఇంకొక తప్పు అర! ఏడాదికి ఒక్క పిల్లని కనేదాన్ని, పదుల కొద్దీ కనేదాని పక్కన పెట్టి, ఎన్నిటినైనా చంపవచ్చు పొమ్మన్నారు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ జాబితానే ఎత్తేశారు.

తోటలో మామిడిపళ్లు కొరికి పారేస్తుందని రైతుకి దాని మీద కోపం ఉండటం సహజం. 'నిపా' అనే వైరస్ ఈ గబ్బిలాల ఒంట్లో ఉంటుందన్నదీ నిజమే. కేరళలో 2018లో ఆ జబ్బు వచ్చి మనుషులు చనిపోయారు. అంచేత గబ్బిలం కొరికిన పండు తినవద్దు, కిందపడ్డ గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోవద్దు. అలాగే ఎలుగూ సాధుజంతువేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలకీ పనసతోటలకీ వచ్చే ఎలుగుల చేతిలో మనుషులు గాయపడుతున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. దూరం పాటించటం వేరు, వెంటపడి చంపటం వేరు.

ఈ చుట్టాలిద్దరూ ఎప్పుడైనా కలుస్తారా? జూలో కలవరు. అడవిలో ఇప్పచెట్టు దగ్గర కలుస్తారు.

వేసవి మొదట్లో, ఆకులు రాలిన ఇప్పచెట్టు రాత్రిపూట పూస్తుంది. పూలు దళసరిగా, తియ్యగా, చక్కెర నిండి ఉంటాయి. చీకటి పడగానే పెద్ద గబ్బిలాలు వచ్చి పైకొమ్మల్లో వాలతాయి. పూల రసం కోసం మూతి పెట్టినప్పుడు పుప్పొడి వాటి బొచ్చుకి అంటుకుని, ఇంకొక చెట్టు పువ్వుకి చేరుతుంది. తెల్లవారుజామున పూలు జలజలా రాలతాయి. ఆ వేళకి గబ్బిలాలు వెళ్లిపోతాయి. అప్పుడు పొదల్లోంచి ఎలుగు వస్తుంది, వీపు మీద పిల్ల ఉంటే దానితో సహా. చెట్టు కింద కూచుని, పెదాలు సున్నాలా చుట్టి, రాలిన పూలని ఏరుకుతింటుంది. మిగిలిన పూల కోసం గూడేల వాళ్లు బుట్టలు పట్టుకుని వచ్చేదీ ఆ వేళకే. చెట్టు కింద నల్లగా ఏదైనా కదిలితే, వాళ్లు దూరంగానే ఆగి ఒక కేక వేస్తారు.